శుభ్రమైన పబ్లిక్ టాయిలెట్ చూపించే మొబైల్ యాప్ ఎలా తయారు చేయాలి

మా అమ్మకు షుగర్. బయటికి వెళ్తే గంటన్నరకొకసారి టాయిలెట్ కావాలి. ఒకసారి ఇద్దరం తెలియని ప్రాంతంలో ఉన్నప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, దగ్గర్లో చూపించిన టాయిలెట్ వైపు నడిచాం. మోకాళ్ల నొప్పులతో ఆమెకు ఆ దూరం పది నిమిషాలు పట్టింది. మ్యాప్‌లో గుర్తు ఉన్న చోటే టాయిలెట్ ఉంది. కానీ తలుపుకు తాళం వేసి ఉంది. తాళానికి తుప్పు పట్టింది, గొళ్లెం సందులో సాలెగూడు అల్లుకుపోయింది. అంటే ఆ రోజు వేసిన తాళం కాదు, ఎన్నో నెలల కిందటిది. మాకంటే ముందు ఎంతమంది అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగి ఉంటారో! వాళ్లలో ఒక్కరికైనా "ఇది మూసేశారు" అని చెప్పే దారి ఉండి ఉంటే అమ్మ అంత దూరం నడిచేది కాదు.

ఇలాంటి యాప్ చేయాలనుకునేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. టాయిలెట్ ఎక్కడుందో చెప్పడం తేలిక. ఇప్పుడు వెళ్తే పని అవుతుందా లేదా అన్నది చెప్పడం కష్టం. మీ శ్రమలో ఎక్కువ భాగం ఆ రెండో దానికే పెట్టాలి.

ముందు పరిధి చిన్నగా పెట్టుకోండి

మొదటి రోజే ఊరంతా, దేశమంతా చూపించాలని అనుకోవద్దు. రెండు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం ఒకటి ఎంచుకోండి. బస్సులు, రైళ్లు ఆగే చోటు, బజారు, పార్కు, ఆస్పత్రి లాంటివి ఉండి జనం బాగా తిరిగే ప్రాంతమైతే మంచిది. అందులో నలభై యాభై టాయిలెట్ల వివరాలు పక్కాగా ఉంటే చాలు. వేల గుర్తులుండి సగం తప్పయిన యాప్‌ను జనం ఒకసారి వాడి తీసేస్తారు. అర్జెంటుగా ఉన్న మనిషిని ఒక్కసారి తప్పు దారి పట్టిస్తే మళ్లీ ఆ యాప్ తెరవడు.

డేటా ఎక్కడి నుంచి తేవాలి

మొదట చూడాల్సింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను ప్రపంచమంతటా వాలంటీర్లే నింపుతుంటారు. అందులో "అమెనిటీ" అనే ట్యాగ్‌కు (ఆ చోటు ఏమిటో చెప్పే లేబుల్) "టాయిలెట్స్" అనే విలువ ఉన్న చోట్లన్నీ టాయిలెట్లే. వాటికి అనుబంధంగా ఇంకొన్ని ట్యాగులు ఉంటాయి. డబ్బులు తీసుకుంటారా, ఏ వేళల్లో తెరుస్తారు, వీల్‌చెయిర్ వెళ్తుందా, పసిపిల్లల బట్టలు మార్చే బల్ల ఉందా, అందరికీ తెరిచి ఉంటుందా, కస్టమర్లకు మాత్రమేనా అన్నవి వాటిలో తెలుస్తాయి. "చెక్ డేట్" అనే ట్యాగ్ ఉంటే దాన్ని అస్సలు వదలొద్దు. ఎవరైనా స్వయంగా వెళ్లి చివరిసారి చూసిన తేదీ అది.

ఈ డేటాను ఓవర్‌పాస్ ఏపీఐ (మన ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్‌ను డేటా అడిగే మార్గం) ద్వారా తీసుకోవచ్చు. ముందు ఓవర్‌పాస్ టర్బో సైట్‌లో మీ ప్రాంతాన్ని పెట్టి వెతికితే ఎన్ని టాయిలెట్లు నమోదయ్యాయో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. లైసెన్సు విషయంలో మాత్రం జాగ్రత్త. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఓడీబీఎల్ (ఓపెన్ డేటాబేస్ లైసెన్సు) కింద ఉంది. డేటా ఎవరిదో యాప్‌లో కనపడేలా రాయాలి. ఆ డేటాతో కలిపి కొత్త డేటాబేస్ తయారు చేసి బయటపెడితే దాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఇంకో మాట, వాళ్ల సర్వర్ నుంచి మ్యాప్ బొమ్మలను (టైల్స్) పెద్ద ఎత్తున డౌన్‌లోడ్ చేసుకోవడాన్ని వాళ్లు ఒప్పుకోరు. వాడకం పెరిగాక వేరే టైల్ సర్వీస్ చూసుకోవాలి, లేదా సొంతంగా నడపాలి.

గూగుల్ ప్లేసెస్ ఏపీఐ కూడా ఉంది కదా అనిపిస్తుంది. ఉంది, కానీ అక్కడి నుంచి తెచ్చిన వివరాలను మీ డేటాబేస్‌లో శాశ్వతంగా దాచుకోనివ్వరు. ప్లేస్ ఐడీ (ఆ చోటుకు గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడ్) ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు, అక్షాంశ రేఖాంశాలు 30 రోజులకు మించి ఉంచుకోకూడదు. దాని మీద సొంత డేటా కట్టుకోవాలనుకుంటే మధ్యలో ఇరుక్కుపోతారు.

ప్రభుత్వాల నుంచి కూడా డేటా దొరకొచ్చు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2001 నుంచి నేషనల్ పబ్లిక్ టాయిలెట్ మ్యాప్ నడుపుతోంది. అందులోని వివరాలను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీ ప్రాంతంలో అలాంటిది ఉందేమో స్థానిక సంస్థను అడిగి చూడండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు భయం లేకుండా వెళ్లగలిగే టాయిలెట్ల కోసం 2014లో మొదలైన రెఫ్యూజ్ రెస్ట్‌రూమ్స్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టును కూడా ఒకసారి పరిశీలించండి. టాయిలెట్ కోసం వెతికే ప్రతి ఒక్కరి అవసరం ఒకటి కాదని అది చూస్తే అర్థమవుతుంది.

ఇలా ఎక్కడి నుంచి తెచ్చిన డేటా అయినా మీరు నడిచి వెళ్లి చూసేదాకా "ఇంకా సరిచూడలేదు" అనే గుర్తుతోనే చూపించండి.

నడిచి చూడటం

ఈ పని ఎవరికో అప్పగించకుండా మొదటి యాభై మీరే తిరగండి. ప్రతిచోటికీ రెండుసార్లు వెళ్లండి, ఒకసారి ఉదయం, ఒకసారి చీకటి పడ్డాక. ఉదయం శుభ్రంగా ఉన్నది రాత్రికి ఎలా ఉంటుందో చూడాలి. లైటు వెలుగుతుందా, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు లోపలికి వెళ్లడానికి జంకుతారా అన్నది పగలు తెలియదు.

మ్యాప్‌లో గుర్తును భవనం మధ్యలో కాకుండా టాయిలెట్ తలుపు దగ్గర పెట్టండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల తేడాతో పనిచేస్తుంది. ఎత్తైన భవనాల మధ్య ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే "రెండో అంతస్తు, లిఫ్టు పక్కన", "బుకింగ్ కౌంటర్ వెనక సందులో" అని ఒక వాక్యం రాయడానికి చోటు ఉంచండి. చివరి ముప్పై మీటర్లలో మనిషికి దారి చూపేది ఆ వాక్యమే.

అక్కడ శుభ్రం చేసేవాళ్లతో తప్పకుండా మాట్లాడండి. నీళ్లు ఎప్పుడు ఆగిపోతాయో, ఎన్నింటికి కడుగుతారో, ఏ గది గడియ విరిగిందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. టాయిలెట్ మురికిగా ఉంటే చాలాసార్లు కారణం వాళ్లు కాదు. ట్యాంకులో నీళ్లు ఉండవు, ఫినాయిల్ ఇవ్వరు, నాలుగు చోట్లకు ఒక్కరినే పెడతారు. కాబట్టి మీ యాప్‌లో రేటింగ్ టాయిలెట్‌కు మాత్రమే ఉండాలి, మనుషులకు ఉండకూడదు. కామెంట్లలో పనివాళ్ల పేర్లు, ఫొటోలు వస్తే వెంటనే తీసేయండి. మీ యాప్ వల్ల ఒక మనిషి ఉద్యోగం పోకూడదు.

వసతులు వేరు, పరిస్థితి వేరు

డేటాబేస్‌లో అన్నీ ఒకే టేబుల్‌లో కలిపేస్తే తర్వాత చాలా ఇబ్బంది పడతారు. మొదటి నుంచీ రెండుగా విడదీయండి.

మొదటిది వసతుల టేబుల్. ర్యాంపు, పట్టుకునే కడ్డీలు, ఆడవాళ్లకు విడిగా గదులు, కమోడా లేక నేల మీద కూర్చునే రకమా, శానిటరీ ప్యాడ్ వేసే డబ్బా, తెరిచే వేళలు, రుసుము వంటివి ఇందులో ఉంటాయి. ఇవి నెలలకో ఏళ్లకో మారతాయి. ఇక్కడ "వీల్‌చెయిర్‌కు అనుకూలం" అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోదు. అమెరికాలోని ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాల ప్రకారం తలుపు తెరిచినప్పుడు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి, లోపల వీల్‌చెయిర్ తిప్పుకోవడానికి 60 అంగుళాల వెడల్పు గుండ్రని స్థలం గానీ టీ ఆకారపు స్థలం గానీ ఉండాలి. వెళ్లినప్పుడు టేపు పెట్టి కొలిచి అంకెలే రాయండి. తన కుర్చీ పడుతుందో లేదో చూసుకునే మనిషికి మీ "అవును" కంటే ఆ అంకె ఎక్కువ ఉపయోగం.

రెండోది పరిస్థితి టేబుల్. ఇప్పుడు తెరిచి ఉందా, నీళ్లు వస్తున్నాయా, గడియ పడుతోందా, నేల ఎలా ఉంది, సబ్బు ఉందా. ఇవి గంటల్లో మారిపోతాయి. ఇందులో ప్రతి వరుసా ఒక రిపోర్టు, దాని పక్కన సమయం ఉంటుంది. పాత రిపోర్టు మీద కొత్తది రాసేయకుండా అన్నీ ఉంచండి. ఫలానా చోట సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు ఉండవన్న సంగతి ఆ పాత వరుసల్లోంచే బయటపడుతుంది.

శుభ్రతకు మార్కులు ఎలా వేయాలి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఐదు నక్షత్రాలు పెట్టి, వచ్చినవన్నీ కూడి సగటు తీస్తారు. హోటల్‌కు అది పనికొస్తుందేమో, టాయిలెట్‌కు పనికిరాదు.

ముందు నక్షత్రాలు తీసేయండి. ఒకరి మూడు నక్షత్రాలు ఇంకొకరికి ఐదు కావచ్చు. బదులుగా "శుభ్రంగా ఉంది", "పర్వాలేదు", "బాగాలేదు" అని మూడే పెట్టండి. వాటికి వరుసగా 1, 0.5, 0 విలువలు ఇవ్వండి. తర్వాత ప్రతి రిపోర్టుకూ దాని వయసును బట్టి బరువు తగ్గించండి. మూడు రోజులకు బరువు సగం అయ్యేలా పెట్టామనుకుందాం. ఇప్పుడే వచ్చిన రిపోర్టుకు 1, మూడు రోజుల కిందటి దానికి 0.5, ఆరు రోజుల కిందటి దానికి 0.25.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక టాయిలెట్‌కు నెల కిందట పదిమంది "శుభ్రంగా ఉంది" అన్నారు. నిన్న ఒకరు "పర్వాలేదు" అన్నారు. ఈ రోజు ఒకరు "బాగాలేదు" అన్నారు. మామూలు సగటు తీస్తే 10.5ని 12తో భాగించాలి, సుమారు 88 శాతం వస్తుంది. యాప్‌లో పచ్చగా మెరిసిపోతుంది. అది నమ్మి వెళ్లినవాళ్లు ముక్కు మూసుకుని బయటికి వస్తారు.

ఇప్పుడు బరువుతో చూడండి. ముప్పై రోజుల్లో బరువు పదిసార్లు సగమవుతుంది, అంటే ఒక్కో పాత రిపోర్టు బరువు దాదాపు 0.001. పదీ కలిపినా 0.01 మాత్రమే. నిన్నటి దాని బరువు 0.79, ఈ రోజుది 1. వీటికి తోడు ఊహగా ఒక రిపోర్టు కలపండి, దాని విలువ 0.5, బరువు 1. ఎవరో ఒక్కరు చెప్పగానే మార్కు వందకో సున్నాకో ఎగిరిపోకుండా అది ఆపుతుంది. ఒక్కో రిపోర్టు విలువను దాని బరువుతో గుణించి, పైన 0.01, 0.40, 0, 0.5 కలిపితే 0.91. కింద బరువులన్నీ కలిపితే 2.80. పైదాన్ని కిందిదానితో భాగిస్తే 32 శాతం. నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే.

మూడు రోజులన్నది శాసనమేమీ కాదు. రద్దీగా ఉండే చోట ఒక రోజు పెట్టండి, జనం తక్కువ వచ్చే పార్కులో వారం పెట్టండి. "తాళం వేసి ఉంది" అన్న రిపోర్టును మాత్రం సగటులో కలపకూడదు. అది వచ్చిన వెంటనే పైన కనిపించాలి, ఎవరైనా "తెరిచే ఉంది" అని చెప్పేదాకా ఉండాలి.

మార్కు పక్కన ఎప్పటి మాటో తప్పకుండా రాయండి. "శుభ్రంగా ఉంది, 40 నిమిషాల కిందట చూశారు" అన్నదానికీ "శుభ్రంగా ఉంది, 3 వారాల కిందట చూశారు" అన్నదానికీ ఎంతో తేడా ఉంది. రిపోర్టులే లేకపోతే "ఈ మధ్య ఎవరూ చెప్పలేదు" అని నిజం రాసేయండి.

స్క్రీన్ మీద ఏముండాలి

మీ యాప్ తెరిచే మనిషి స్థిమితంగా ఉండడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పిల్లాడు, లోపల టెన్షన్. రిజిస్ట్రేషన్, ఓటీపీ, స్వాగతం చెప్పే నాలుగు పేజీలు ఏవీ పెట్టకండి. తెరవగానే మూడు టాయిలెట్లు కనబడాలి. ఒక్కోదానికీ నడక నిమిషాలు, తెరిచి ఉందా లేదా, శుభ్రత, చివరిసారి చూసిన సమయం. కింద పెద్ద బటన్, "దారి చూపించు". అంతే. మ్యాప్ కావాలనుకున్నవాళ్లకు అది రెండో స్క్రీన్‌లో ఉంటే చాలు.

బటన్ల సైజు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు (రెండూ స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్లు) ఉండాలని ఆ కంపెనీల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇక్కడ ఇంకా పెద్దవిగా పెట్టినా తప్పులేదు. పచ్చ, ఎరుపు రంగులను మాత్రమే నమ్ముకోవద్దు. ఆ రెండింటి తేడా తెలియనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, చాలామంది ఉంటారు. రంగుతో పాటు మాట కూడా ఉండాలి. వెతికే చోట టాయిలెట్, బాత్రూమ్, వాష్‌రూమ్, మరుగుదొడ్డి అని ఏది కొట్టినా ఒకే ఫలితం రావాలి.

రిపోర్టు ఇచ్చే స్క్రీన్ ఇంతకంటే చిన్నదిగా ఉండాలి. తడి చేతులతో, నడుస్తూ, ఒక్క బొటనవేలితో పది సెకన్లలో అయిపోవాలి. మూడు ప్రశ్నలు చాలు. తెరిచి ఉందా? నీళ్లు ఉన్నాయా? ఎలా ఉంది? కామెంట్ రాయాలనుకుంటే రాయొచ్చు, రాయకపోయినా రిపోర్టు వెళ్లిపోవాలి.

దూరం లెక్క, సాంకేతిక ఎంపికలు

ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఒకే కోడ్‌తో చేయాలంటే ఫ్లట్టర్ గానీ రియాక్ట్ నేటివ్ గానీ తీసుకోండి. ఏది వచ్చో అదే వాడండి, దీని మీద వారాలు వృథా చేయకండి. ఒంటరిగా చేస్తున్నవాళ్లైతే ముందు బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్ చేసి నలుగురితో వాడించి, తర్వాత స్టోర్ల సంగతి చూసుకోవచ్చు.

సర్వర్ వైపు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, దాని మీద మ్యాప్ లెక్కలు చేసే పోస్ట్‌జీఐఎస్ పెట్టుకుంటే ఫలానా బిందువు నుంచి కిలోమీటరు లోపల ఉన్నవన్నీ తెమ్మని అడగడానికి అందులో రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. ఫోన్‌లోనే వెతకాలంటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. ముందు మనిషి ఉన్న చోటు చుట్టూ ఒక చదరం ఊహించుకోండి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 0.009 డిగ్రీ. రేఖాంశానికి మాత్రం ఆ 0.009ని అక్షాంశం కొసైన్‌తో భాగించాలి. ఆ చదరంలో పడినవాటికే అసలు దూరం లెక్కకట్టండి.

గీత గీసినట్టు కొలిచే దూరాన్ని జనానికి చూపించకండి. రెండు వందల మీటర్లే అని చూపిస్తారు, మధ్యలో రైలు పట్టాలు ఉంటాయి, చుట్టూ తిరిగి వెళ్తే కిలోమీటరు. ముందు గీత దూరంతో పదింటిని ఏరి, వాటికి మాత్రం ఓఎస్ఆర్ఎం, వాల్‌హల్లా లాంటి ఓపెన్ సోర్స్ రూటింగ్ ఇంజిన్‌తో నడక దారి అడగండి. మామూలు నడక నిమిషానికి 80 మీటర్ల లెక్కన వస్తుంది. పెద్దవాళ్ల కోసం "నెమ్మదిగా నడుస్తాను" అనే సెట్టింగ్ పెట్టి దాన్ని 50కి తగ్గించండి. మా అమ్మలాంటివాళ్లకు ఆ ఒక్క సెట్టింగ్ ఎంత మేలో చెప్పలేను.

నెట్ లేకపోయినా యాప్ పనిచేయాలి. ఒక్కో టాయిలెట్ వివరాలు 200 బైట్లు అనుకున్నా పదివేల టాయిలెట్లకు 2 ఎంబీ. ఫోన్‌లో దాచేయండి, నెట్ దొరికినప్పుడు కొత్తవి తెచ్చుకోండి. సిగ్నల్ లేనప్పుడు ఇచ్చిన రిపోర్టులు కూడా వరుసలో ఆగి తర్వాత వెళ్లాలి.

లొకేషన్, ఫొటోలు, దొంగ రిపోర్టులు

లొకేషన్ అనుమతి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని అడగండి. ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి వాడేవాళ్లు సుమారు లొకేషన్ మాత్రమే ఇవ్వొచ్చు. అలా ఇస్తే యాప్ అలిగి ఆగిపోకూడదు. మ్యాప్ మీద వేలు పెట్టి "నేను ఇక్కడ ఉన్నాను" అని చెప్పే వీలు ఉంచండి.

ఎవరు ఎక్కడ వెతికారో సర్వర్‌లో దాచకండి. గంటకోసారి టాయిలెట్ వెతికే మనిషి ఆరోగ్యం గురించి ఆ చరిత్ర ఎంతో బయటపెట్టేస్తుంది. మీ దగ్గర లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు.

ఫొటోలు మొదట్లో వద్దు. పెట్టి తీరాలనుకుంటే బయటి తలుపు ఫొటో మాత్రమే అనుమతించండి, మీరు చూసి ఒప్పుకున్నాకే కనబడాలి. ఫొటోలో దాగి ఉండే లొకేషన్ వివరాలను అప్‌లోడ్ అయ్యేటప్పుడే తీసేయాలి. టాయిలెట్ లోపలి ఫొటోలు ఎలాంటి పరిస్థితిలోనూ వద్దు.

దొంగ రిపోర్టులను తగ్గించడానికి ఆ చోటికి 150 మీటర్ల లోపల ఉన్నవాళ్లనే చెప్పనివ్వండి. ఆ దూరం ఫోన్‌లోనే లెక్కకట్టి, సర్వర్‌కు "దగ్గరే ఉన్నారు" అన్న మాటొక్కటే పంపితే సరి. ఫోన్‌ను మాయ చేసేవాళ్లు కొందరు ఉంటారు గానీ ఇంట్లో కూర్చుని సరదాకు నొక్కేవాళ్లు ఆగిపోతారు. ఒక ఫోన్ నుంచి ఒక టాయిలెట్‌కు గంటకు ఒక్క రిపోర్టే తీసుకోండి. హోటళ్లు, షాపుల టాయిలెట్లను యజమాని ఒప్పుకుంటేనే చేర్చండి.

విడుదల చేశాక

ఐక్యరాజ్యసమితి 2013లో నవంబర్ 19ని ప్రపంచ టాయిలెట్ దినంగా ప్రకటించింది. వీలైతే మ్యాపింగ్ డ్రైవ్ ఆ రోజు పెట్టుకోండి, వాలంటీర్లను పిలవడానికి ఒక సందర్భం దొరుకుతుంది. టాయిలెట్ నిర్వహించేవాళ్లు ఒప్పుకుంటే తలుపు పక్కన క్యూఆర్ స్టిక్కర్ అంటించండి. స్కాన్ చేస్తే యాప్ లేకపోయినా ఆ మూడు ప్రశ్నల పేజీ తెరుచుకోవాలి. కొత్త రిపోర్టులు ఆ స్టిక్కర్ల దగ్గరే ఎక్కువగా పుడతాయి. వచ్చిన ఫిర్యాదులను వారానికోసారి నిర్వహణ చూసేవాళ్లకు పంపండి. "ఈ వారంలో ఐదు రోజులు సాయంత్రం నీళ్లు లేవు" అని తేదీలతో సహా పంపితే పని జరిగే అవకాశం ఎక్కువ.

డౌన్‌లోడ్ల సంఖ్య చూసి మురిసిపోకండి. "దారి చూపించు" నొక్కిన మనిషి తర్వాత యాప్ తెరిచినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "వెళ్లిన చోట పని అయిందా?" అవును, కాదు అని రెండు బటన్లు. "కాదు" నొక్కితే ఎందుకో మూడు ఎంపికలు ఇవ్వండి: మూసి ఉంది, మురికిగా ఉంది, కనిపించలేదు. రోజూ ఉదయం ఆ "కాదు"ల జాబితా ముందు పెట్టుకోండి. "మూసి ఉంది" అన్నవాటిని అప్పటికప్పుడే యాప్‌లో మార్చేయండి, "కనిపించలేదు" అన్న చోటికి ఆ సాయంత్రమే ఒకసారి నడిచి వెళ్లి గుర్తు ఎక్కడ తప్పిందో చూడండి.